అశ్వమేధం చేసిన ఇంట్లోనే మహాచైత్యం: విజయపురి ఇక్ష్వాకులు, వాళ్ల సంప్రదాయాలు

క్రీస్తుశకం మూడో శతాబ్దంలో కృష్ణ ఒడ్డున విజయపురి అనే రాజధాని ఉండేది. ఆ లోయ ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉంది. అక్కడి రాజు వాశిష్ఠీపుత్ర శాంతమూలుడు అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం చేసినవాడు. మహాసేనుడి భక్తుడు, అంటే మన కుమారస్వామి భక్తుడు. ఆయన తోబుట్టువు శాంతిశ్రీ అదే ఊళ్లో బుద్ధుడి కోసం మహాచైత్యాన్ని నిలబెట్టించింది. ఆ స్తూపానికి నాలుగు దిక్కులా ఐదేసి చొప్పున ఆయక స్తంభాలు, అంటే ముందుకు పొడుచుకొచ్చిన వేదికల మీద నిలబెట్టిన స్తంభాలు ఉంటాయి. వాటి మీద ఆమె శాసనాలు చెక్కించింది. విచిత్రమేమిటంటే, బుద్ధుడికి నమస్కారం చెప్పిన ఆ రాతి మీదే తన తోడబుట్టినవాడు చేసిన యజ్ఞాల జాబితా, ఆయన దానం చేసిన కోట్ల బంగారం, లక్ష గోవులు, లక్ష నాగళ్ల లెక్క కూడా ఉన్నాయి. ఆమె తన గురించి చెప్పుకున్నప్పుడు శ్రమణులకూ బ్రాహ్మణులకూ దీనులకూ ఇచ్చే చెయ్యి తనదని చెప్పుకుంది.

ఇంతకీ వీళ్లు హిందువులా, బౌద్ధులా? ఈ ప్రశ్న మనది. ఆ ఇంట్లో ఎవరినైనా నిలబెట్టి ఇలా అడిగితే, ప్రశ్నే అర్థం కాక తెల్లమొహం వేసేవాళ్లేమో.

ప్రాచీన సమాజాల్లో సంప్రదాయమే సంస్కృతిని మలిచిందని, అదే మనిషికి గుర్తింపు ఇచ్చిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అందులో అబద్ధం లేదు. కానీ ఆ మాట వింటే సంప్రదాయం అంటే తాతల నుంచి వచ్చిన ఆస్తి అని, వారసులు దాన్ని చేతులు కట్టుకుని అందుకున్నారని అనిపిస్తుంది. విజయపురి శాసనాలు వేరే సంగతి చెబుతాయి. అక్కడి వాళ్లు కొన్ని సంప్రదాయాలను ఏరుకున్నారు, కొన్నిటిని అరువు తెచ్చుకున్నారు, ఒకటి రెండిటిని మాత్రం శాస్త్రం ఏమన్నా వదలలేదు. ఏది దేనికి వాడారో విడదీసి చూస్తేనే ఈ చిక్కు విడిపోతుంది.

పేరు ఎక్కడిది?

ముందు వంశం పేరు. ఇక్ష్వాకులంటే అయోధ్య, సూర్యవంశం, రాముడు. కృష్ణా లోయలోని రాజులకు ఆ పేరు ఎలా వచ్చింది? ఉత్తరాది నుంచి వలస వచ్చారని కొందరు చరిత్రకారులు అన్నారు, స్థానికులేనని మరికొందరు అన్నారు. నాకు రెండో మాటే నమ్మదగ్గదిగా కనిపిస్తుంది. ఆ కుటుంబంలోని పేర్లు, వాళ్లు వియ్యమందిన కుటుంబాల పేర్లు చూడండి: ఎహువుల, కొడబలిసిరి, అడవి శాంతిశ్రీ, పూకీయులు, హిరణ్యకులు, ధనకులు. సంస్కృతం, ప్రాకృతం తొడిగినా కొన్ని పేర్లలో లోపలి నేల వాసన పోలేదు.

శాతవాహనుల రాజ్యం మూడో శతాబ్దం తొలి భాగంలో ముక్కలైంది. వాళ్ల కింద పెద్ద పదవుల్లో ఉన్న కుటుంబాలకు ఒక్కసారిగా అవకాశం దొరికింది. అయితే నిన్నటిదాకా సాటి ఉద్యోగిగా ఉన్నవాడు ఇవాళ మహారాజునంటే పక్కవాడు ఎందుకు ఒప్పుకుంటాడు? అశ్వమేధం అవసరం అక్కడ వస్తుంది. పురాతనమైన వంశం పేరు అవసరమూ అక్కడే వస్తుంది. కొత్తగా వచ్చిన అధికారానికే పాత సంప్రదాయం ఎక్కువ కావాలి.

ఇక్ష్వాకు అన్న పేరుకి ఇంకో సౌకర్యం ఉంది. బౌద్ధులు కూడా బుద్ధుడిది ఆ వంశమే అంటారు. విజయపురిలోనే బోధిశ్రీ అనే ఉపాసిక వేయించిన శాసనం బుద్ధుణ్ణి ఇక్ష్వాకు రాజర్షుల వంశంలో పుట్టినవాడిగా కీర్తిస్తూ మొదలవుతుంది. అంటే యజ్ఞశాలలో కూర్చున్న పురోహితుడికి ఆ పేరు రాముణ్ణి గుర్తు చేస్తుంది, విహారంలోని భిక్షువుకు బుద్ధుణ్ణి గుర్తు చేస్తుంది. రాజుగారు ఇద్దరికీ చుట్టమే. ఇంత తెలివిగా ఎంచుకున్న పేరు కాకతాళీయమని నేను అనుకోను.

తల్లి పేరు పెట్టుకున్న కొడుకులు

గౌతమీపుత్ర శాతకర్ణి, వాశిష్ఠీపుత్ర పులుమావి, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు. శాతవాహనుల్లోనూ ఇక్ష్వాకుల్లోనూ రాజుల పేర్ల ముందు తల్లి పేరు ఉంటుంది. ఇది చూసి అప్పట్లో మాతృస్వామ్యం ఉండేదని తేల్చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది నిలిచే మాట కాదు. సింహాసనం తండ్రి నుంచి కొడుక్కే వెళ్లింది. గౌతమీపుత్రుడి తర్వాత ఆయన కొడుకు పులుమావి రాజయ్యాడు. శాంతమూలుడి తర్వాత కొడుకు వీరపురుషదత్తుడు, అతని తర్వాత అతని కొడుకు ఎహువుల శాంతమూలుడు ఏలారు.

మరి తల్లి పేరెందుకు? గౌతమి, వాశిష్ఠి, మాఠరి అనేవి గోత్రాల మీద నుంచి వచ్చిన పేర్లు. రాజుకి చాలామంది భార్యలు ఉంటారు. ఏ రాణి కొడుకు అన్నది రాజకీయంగా పెద్ద విషయం, ఎందుకంటే ఆ రాణి వెనకాల ఒక పుట్టింటి బలగం ఉంటుంది. తల్లి పేరు చెప్పుకోవడమంటే ఆ బలగం తన వెనక ఉందని చాటడమే. ఇందులో ఇంకో మెలిక ఉంది. ధర్మశాస్త్రాల లెక్కలో పెళ్లయ్యాక ఆడపిల్ల భర్త గోత్రంలోకి వెళ్లిపోతుంది. ఇక్కడి రాణులు మాత్రం పుట్టింటి గోత్రంతోనే కనిపిస్తారు. గోత్రం అనే పద్ధతి ఉత్తరాది వైదిక సంప్రదాయం నుంచి వచ్చింది, దాన్ని వాడిన తీరు మాత్రం ఇక్కడిది.

నాసిక్‌లోని మూడో గుహలో గౌతమీ బాలశ్రీ వేయించిన శాసనం ఈ చిక్కునంతా ఒక్కచోట పోగేసింది. అప్పటికి మనవడు పులుమావి ఏలుబడిలో 19వ ఏడు నడుస్తోంది. చనిపోయిన కొడుకు గురించి ఆ తల్లి ఏమేం చెప్పుకుందో చూడండి: అతని గుర్రాలు మూడు సముద్రాల నీళ్లు తాగాయట. అతను శక, యవన, పహ్లవుల్ని నాశనం చేశాడట, క్షత్రియుల పొగరు అణిచాడట, సాటిలేని బ్రాహ్మణుడట. నాలుగు వర్ణాలు కలిసిపోకుండా ఆపాడట. తల్లి మాట జవదాటనివాడట, ఆ ముక్క కూడా మరిచిపోలేదు. ఇంత వైదిక గర్వంతో నిండిన శాసనం అసలు ఎందుకు వేయించారు? ఆ గుహని భద్రాయనీయ శాఖ బౌద్ధ భిక్షువులకు దానం ఇచ్చిన సందర్భంగా!

ఇక వర్ణసంకరం ఆపాడన్న గొప్ప ఎంతకాలం నిలిచింది? ఎక్కువ కాలం నిలవలేదు. ముంబయి దగ్గర కన్హేరిలో దొరికిన శాసనం వాశిష్ఠీపుత్ర శాతకర్ణి రాణిది. ఆమె కార్దమక వంశపు మహాక్షత్రపుడి కూతురు. అంటే శకుల ఆడపడుచు. గౌతమీపుత్రుడు ఎవరిని నాశనం చేశాడని తల్లి చెప్పుకుందో, ఆ జాతి పిల్లే శాతవాహనుల ఇంటికి కోడలైంది. శక రాజు రుద్రదాముడు క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనంలో దక్షిణాపథపతి శాతకర్ణిని రెండుసార్లు ఓడించినా దగ్గరి చుట్టరికం వల్ల వదిలేశానని రాయించుకున్నాడు.

ఆ జునాగఢ్ శాసనం భాష ఏమిటి? చక్కటి సంస్కృతం. సంస్కృతంలో అంత పొడుగు రాజశాసనం అంతకు ముందు మనకి దొరకలేదు. బయటి నుంచి వచ్చిన శకుడు సంస్కృతంలో రాయిస్తే, అశ్వమేధాలు చేసి, తమను తాము బ్రాహ్మణులమని చెప్పుకున్న శాతవాహనులు ప్రాకృతంలోనే రాయించారు. పరాయివాడన్న ముద్ర ఉన్నవాడికి సంప్రదాయంలో తన చోటు గట్టిగా చూపించుకోవాల్సిన తొందర ఉంటుంది. ఇంట్లోవాడికి ఆ అవసరం లేదు.

నాణేలు చూసినా ఇదే తంతు. జోగళ్‌తెంబి దగ్గర 13 వేలకు పైగా వెండి నాణేలు ఒక్కచోట దొరికాయి. అన్నీ శకుల్లో క్షహరాత వంశపు రాజు నహపానుడివి. వాటిలో చాలావాటి మీద గౌతమీపుత్రుడు తన ముద్ర కొట్టించాడు. శత్రువు మొహం మీద తన గుర్తు పడాలని ఉద్దేశం. ఆ తర్వాత శాతవాహనులు తమ వెండి నాణేలు వేసుకున్నప్పుడు ఆ శత్రువుల పద్ధతే తీసుకున్నారు: ఒకవైపు రాజు తలకాయ, ప్రాకృత అక్షరాలు, రెండోవైపు దక్షిణాది ద్రావిడ భాషలో రాత. ఆ భాష తమిళమా, తెలుగుకు దగ్గరిదా అని పండితులు ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నారు.

ఇక్కడే ఇంకో మాట. శాతవాహనుల్ని ఆంధ్రులంటాం. పురాణాలు అలాగే అన్నాయి. కానీ వాళ్ల శాసనాల్లో వాళ్లు తమని ఆంధ్రులమని చెప్పుకోలేదు, శాతవాహన కులమనే చెప్పుకున్నారు. మనం వాళ్లకి ఇచ్చే గుర్తింపు, వాళ్లు తమకి ఇచ్చుకున్న గుర్తింపు ఒకటే కానక్కర్లేదు.

మేనరికం ముందు శాస్త్రం

మళ్లీ విజయపురికి వద్దాం. మహాచైత్యం శాసనాలు వీరపురుషదత్తుడి ఆరో ఏడాదివి. వాటిలో శాంతిశ్రీ రాజుకి మేనత్త. పన్నెండేళ్ల తర్వాత, అదే రాజు 18వ ఏట, ఆమె ఒక చైత్యగృహం కట్టించింది. ఆ శాసనంలో రాజు ఆమెకి అల్లుడు. మేనత్త కాస్తా అత్తగారైంది. బయటి దేశపు పాఠకుడికి ఇది వంశవృక్షంలో తప్పేమో అనిపిస్తుంది. మనకి వివరించి చెప్పే పనే లేదు. మరదల్ని చేసుకున్నాడు, అంతే.

ఒక్క పెళ్లితో అయిపోలేదు. శాంతమూలుడికి హర్మ్యశ్రీ అని మరో తోబుట్టువు ఉంది. ఆమె కూతుళ్లు బాపిశ్రీ, షష్ఠిశ్రీ ఇద్దరూ వీరపురుషదత్తుడి రాణులే. వాళ్లు కూడా మహాచైత్యానికి స్తంభాలు ఇచ్చారు. అంటే రాజు ఇద్దరు మేనత్తల ఇళ్లతోనూ వియ్యమందాడు.

ఈ పెళ్లిళ్ల గురించి ధర్మసూత్రాలు ఏమన్నాయో చూడాలి. విజయపురి కంటే కొన్ని వందల ఏళ్ల ముందటి బౌధాయన ధర్మసూత్రం దక్షిణాదిలో ఐదు ఆచారాలు, ఉత్తరాదిలో ఐదు ఆచారాలు వివాదంలో ఉన్నాయంటుంది. దక్షిణాది జాబితాలో ఉపనయనం కానివాడితో కలిసి తినడం, భార్యతో కలిసి తినడం, నిలవ అన్నం తినడం ఉన్నాయి. మిగిలిన రెండు మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని పెళ్లాడటం. (చద్దన్నం, మేనరికం ఒకే జాబితాలో! రెండు వేల ఏళ్ల కిందటే మన ఇల్లు ఎవరో తొంగి చూసినట్టుంది.) ఉత్తరాది జాబితాలో ఉన్ని అమ్మడం, మద్యం తాగడం, ఆయుధాల వ్యాపారం, సముద్ర ప్రయాణం లాంటివి ఉన్నాయి. ఎక్కడి ఆచారం అక్కడ చెల్లుతుంది, ఒకచోటి ఆచారం ఇంకోచోట చేస్తే దోషం అని సూత్రం తేల్చింది. మరో ధర్మసూత్రకారుడు గౌతముడు దీనికి ఒప్పుకోడని కూడా అక్కడే రాసి ఉంది.

సంప్రదాయం అంటే ఒకటే, అది అందరికీ సమానం అని ఆ కాలపు పండితులే అనుకోలేదన్నమాట. వాళ్లలో వాళ్లకే తగువు ఉంది. అశ్వమేధం చేయించడానికి వైదిక పండితుల్ని పిలిచిన శాంతమూలుడు, కొడుకు పెళ్లి విషయంలో శాస్త్రం దగ్గర అనుమతి కోసం కూర్చోలేదు. ఊరికి చూపించే గౌరవం కోసం వేదం, ఇంట్లో బలం కోసం మేనరికం. ఆడపిల్లల్ని పూకీయుల లాంటి బలమైన కుటుంబాలకి ఇవ్వాలి. తర్వాతి తరంలో ఆ కుటుంబాల నుంచి కోడళ్లని తెచ్చుకోవాలి. కొత్త రాజ్యం పక్కన ఉన్న మహాతలవరులు (పెద్ద పదవుల్లోని సామంతులు), సేనాపతులు తిరగబడకుండా ఉండటానికి ఇంతకంటే నమ్మకమైన ఏర్పాటు లేదు.

అలాగని బయటి సంబంధాలు చేయలేదని కాదు. వీరపురుషదత్తుడి మరో రాణి రుద్రధర భట్టారిక ఉజ్జయిని మహారాజు కూతురు. అతని కూతురు కొడబలిసిరిని వనవాసి రాజుకి ఇచ్చారు. లోయలో దొరికిన శిల్పాల్లో శక వేషం వేసుకున్న మనుషులు కూడా కనిపిస్తారు. దగ్గరివాళ్లతో మేనరికం, దూరపు రాజులతో వియ్యం, రెండూ ఒకే చేత్తో నడిపారు.

దానం చేసిన చేతులు

శాసనాల్లో రాజులు యజ్ఞాలు చేస్తారు, ఆడవాళ్లు విహారాలు కడతారు. దీన్ని చూసి మగవాళ్లది వైదికం, ఆడవాళ్లది బౌద్ధం అని రెండు గళ్లలో పెట్టేయడం తేలిక. నాకు అది పనుల పంపకంలా కనిపిస్తుంది. యజ్ఞం రాజుని రాజుగా నిలబెట్టేది. విహారం వర్తకుల్ని, యాత్రికుల్ని, దూరదేశాల భిక్షువుల్ని లోయలోకి తెచ్చేది. బోధిశ్రీ శాసనం తామ్రపర్ణి భిక్షువుల కోసం, అంటే సింహళ భిక్షువుల కోసం. వాళ్లు కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, వనవాసి, యవన, ద్రమిళ దేశాల్లో ధర్మాన్ని నిలిపినవాళ్లని అందులో ఉంది. రోమన్ బంగారు నాణేలు కూడా ఈ లోయలో దొరికాయి. ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు, అపరమహావినశైలీయులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు అంటూ వేర్వేరు శాఖల వాళ్లు. ఇంతమందిని పోషించాలంటే రాజు ఇంటి ఆడవాళ్ల చేతిలో సొంత సొమ్ము ఉండాలి, దాన్ని తమ పేరుతో ఇచ్చే హక్కూ ఉండాలి. శాసనాల్లో రెండూ కనిపిస్తున్నాయి.

రాణుల సంగతి సరే, మామూలు మనుషులు? వాళ్ల కోసం నది వెంట దిగువకి, అమరావతికి రావాలి. అక్కడి స్తూపానికి ఫలకాలు ఇచ్చినవాళ్లలో విధికుడు అనే చర్మకారుడు ఉన్నాడు. ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకునని చెప్పుకున్నాడు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకులు కూతుళ్లతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకం ఇచ్చానని రాయించాడు. అతను తన వృత్తిని దాచుకోలేదు, దాన్నే ఇంటిపేరులా వాడుకున్నాడు. నాలుగు వర్ణాలు కలవకుండా ఆపామని నాసిక్‌లో రాజమాత చాటుతుంటే, అమరావతిలో తోలుపని చేసేవాడు, ఉపాధ్యాయుడి కొడుకు, దాత అన్న మూడు గుర్తింపులూ ఒకే మనిషిలో ఇమిడాయి. అదే స్తూపం దగ్గర భిక్షుణులు కూడా తమ కూతుళ్లతో కలిసి దానాలు చేశారు. సన్యాసం తీసుకుంటే బంధాలు తెగిపోతాయని పుస్తకం చెప్పినా, రాతి మీద బంధాలు అలాగే ఉన్నాయి.

విజయపురిలో ఇంకో పద్ధతి ఉంది, ఛాయాస్తంభాలు. చనిపోయినవాళ్ల పేరు మీద బొమ్మలు చెక్కిన రాతి స్తంభం నిలబెట్టడం. శాంతమూలుడి కోసం అతని ఇంటి ఆడవాళ్లు అలాంటిది నిలిపారు. రాజుకే కాదు, సేనానులకూ వృత్తిపనివాళ్లకూ ఛాయాస్తంభాలు ఉన్నాయి. ఇది యజ్ఞం నుంచి వచ్చింది కాదు, స్తూపం నుంచి వచ్చింది కూడా కాదనిపిస్తుంది. ఇదే లోయలో అంతకు ముందటి బృహత్ శిలాయుగపు సమాధులు తవ్వకాల్లో బయటపడ్డాయి. పోయినవాళ్లకి రాయి నిలబెట్టే అలవాటు ఈ నేలకి కొత్త కాదు.

తర్వాత ఏం మారింది

ఎహువుల శాంతమూలుడి కాలానికి వాలు మారడం కనిపిస్తుంది. అతని 11వ ఏట సేనాపతి ఎలిశ్రీ సర్వదేవుడికి గుడి కట్టించాడు. ఆ శాసనం సంస్కృతంలో ఉంది. పుష్పభద్రస్వామి గుడి, అష్టభుజస్వామి గుడి కూడా లోయలో వెలిశాయి. విహారాలు మూతపడలేదు గానీ, పెద్ద దానం చేసి పేరు తెచ్చుకోవాలనుకున్న సేనాపతికి ఇప్పుడు గుడి అనే దారి కూడా దొరికింది. నాలుగో శతాబ్దం తొలి భాగంలో ఇక్ష్వాకుల రాజ్యం ముగిసింది.

వాళ్లు వాడిన సంప్రదాయాల్లో ఏది మిగిలింది, ఏది పోయింది అన్నది చాళుక్యుల శాసనాల్లో తెలుస్తుంది. వేంగి చాళుక్యుల రాగిరేకులన్నీ ఒకే వరసతో మొదలవుతాయి: మానవ్య సగోత్రులు, హారీతీపుత్రులు, స్వామి మహాసేనుడి పాదాల్ని ధ్యానించేవాళ్లు. మహాసేనుడు శాంతమూలుడి కాలం నుంచి అలాగే ఉన్నాడు. హారీతీపుత్రులు అన్న మాటలో మాత్రం అసలు తల్లి లేదు. ఇక్ష్వాకుల్లో తండ్రి వాశిష్ఠీపుత్రుడైతే కొడుకు మాఠరీపుత్రుడు, ఎందుకంటే తల్లులు వేరు. చాళుక్యుల్లో తరాలు మారినా అందరూ హారీతీపుత్రులే. ఒకప్పుడు ఫలానా రాణి పుట్టింటిని చెప్పిన మాట వంశానికంతటికీ బిరుదై కూర్చుంది.

మేనరికం అలా బిరుదుగా ఎండిపోలేదు. నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజరాజ నరేంద్రుడి తల్లి కుందవ్వ చోళుల ఆడపడుచు. ఆయన పెళ్లాడిన అమ్మంగదేవి, కుందవ్వ సోదరుడు రాజేంద్ర చోళుడి కూతురు. వాళ్ల కొడుకు కూడా మేనమామ రెండో రాజేంద్రుడి కూతురు మధురాంతకినే చేసుకున్నాడు. 1070లో చోళ సింహాసనానికి నేరుగా వారసుడు లేకుండా పోయినప్పుడు, కూతురి కొడుకూ అల్లుడూ అయిన ఈ వేంగి రాకుమారుడే కులోత్తుంగ చోళుడన్న పేరుతో దాని మీద కూర్చున్నాడు.